ముందు గాలి, తర్వాత మూత

రాయవరంలో నా షెడ్డు తలుపు తీసేది పొద్దున్న ఆరున్నరకి. బోర్డు మీద ఆయిలింజన్లు, స్ప్రేయర్లు బాగుచేయబడును అని రాయించాను. కానీ ఊడ్పులు అయిపోయి చేలకి మందులు కొట్టే రోజుల్లో తొలిబేరంగా ఇంజను వచ్చేది తక్కువ. డబ్బా వస్తుంది. మూత రాని డబ్బా.

మొన్నామధ్య మాచవరం వైపు నుంచి ఓ కుర్రాడు మోపెడ్ మీద వచ్చి, స్టాండు కూడా సరిగ్గా వెయ్యకుండా అయిదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"బాబాయ్, మూత రావట్లేదు. కాస్త ఇప్పిపెట్టవా. అవతల మందు కలిపేసుకుని కూర్చున్నాం."

డబ్బాలో పెట్రోలు. మూత చుట్టూ ఉండాల్సిన గాడుల్ని కటింగ్ ప్లయరు కొరికి నున్నగా చేసేసింది. వాడి అరచెయ్యి తిప్పి చూస్తే ఎర్రగా గాడులు. మూత మీద పోయినవన్నీ చేతిలో తేలాయి.

"పొద్దున్నుంచీ ఎక్కడుందిరా ఇది?"

"బండి మీదేనండి. ఎండలో."

డబ్బా పక్కలు చూస్తే తెలుస్తూనే ఉంది, బూరెలా పొంగి ఉంది. షెడ్డు వెనక జామచెట్టు నీడలో పెట్టి తడిగోనె కప్పాను. పావుగంట ఆగమన్నాను. వాడు నావంక చూసిన చూపుకి అర్థం, ఈయనకి పెద్దతనం వచ్చేసిందని. రెంచి వేసి ఒక్క తిప్పు తిప్పితే పోయేదానికి ఈ గోనె కప్పడాలేంటని గొణుక్కుంటూ టీకొట్టుకేసి వెళ్ళాడు. వాడు తిరిగొచ్చేసరికి డబ్బా ఒళ్ళు తగ్గింది. బెల్టుకర్ర వేసి మెల్లిగా తిప్పాను. ఇస్స్‌మని ఊపిరి వదిలింది. అక్కడే ఆపి, ఆ చప్పుడు పూర్తిగా అయ్యేదాకా చూసి, అప్పుడు మిగతాది వేళ్ళతో తీశాను.

మూత తీసినందుకు డబ్బులు పుచ్చుకోను. దీని మీద మా ఇంట్లో ఎప్పుడూ ఉన్న గొడవే. "ఊళ్ళో డబ్బాలన్నీ ఊరికే తీసిపెట్టడానికా షెడ్డుకి అద్దె కడుతున్నాం?" అంటుంది ఆవిడ. నిజమే. కానీ దేనికని తీసుకోవాలి? పావుగంట గోనె కప్పినందుకా?

ఈ గోనె విద్య నాకు ఇంజన్ల దగ్గర రాలేదు, పెట్రోమాక్స్ లైట్ల దగ్గర వచ్చింది. మా నాన్న పెట్రోమాక్స్ లైట్లు అద్దెకిచ్చేవాడు. పెళ్ళిళ్ళకి, అమ్మవారి సంబరాలకి, బుర్రకథలకి. అప్పటికి కరెంటు వచ్చింది గానీ, దాన్ని నమ్ముకుని పెళ్ళి ముహూర్తం పెట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు. మా ఇంటి చావిట్లో ఎనిమిది లైట్లు దూలానికి వరసగా వేలాడేవి. ఆ పేరు కంపెనీ వాళ్ళది. జర్మనీలో మాక్స్ గ్రెట్జ్ అనే ఆయన పేరులో మాక్స్, పెట్రోలియంలో పెట్రో కలిపి పెట్టారు. మాకు మాత్రం ఏ కంపెనీది అయినా పెట్రోమాక్సే.

ఆ లైటుకి కింద ఇత్తడి బుడ్డి. అందులో కిరసనాయిలు పోసి, పంపుతో గాలి కొడితే, ఆ ఒత్తిడికి నూనె పైకెక్కి వేడికి ఆవిరై మేంటిల్‌లో మండుతుంది. నూనె పోసే మూత మీదే ఒత్తిడి చూపే చిన్న గడియారం, పక్కన ఓ బుల్లి మర ఉంటాయి. ఆ బుల్లి మరని తిప్పితే గాలి పోతుంది, లైటు ఆరుతుంది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు పని త్వరగా చేసి చూపిద్దామని, బుల్లి మర జోలికి పోకుండా పెద్ద మూతకే పట్టకారు వేశాను. అది రాలేదు. నా బలమంతా పెట్టాను. వచ్చింది. మూత, నూనె కలిసి వచ్చాయి. లైటు ఆరిపోయి చల్లారి ఉండబట్టి ముఖమంతా కిరసనాయిలుతో పోయింది. మా నాన్న ముందు ఒక్కటి ఇచ్చుకుని, తర్వాత ముఖం కడిగి, ఆ తర్వాత చెప్పాడు: "ముందు గాలి, తర్వాత మూత."

మొండికేసిన మూతలు నా చేతిలోకి ఎన్ని వచ్చాయో లెక్కలేదు. బలం చాలక రానివి అందులో బహు కొద్ది. ఎక్కువ వాటికి గాలే అడ్డం. లోపల గాలి ఎక్కువైతే మూతని పైకి తన్నిపెట్టి మరల్ని ఒకదాన్నొకటి కరిపిస్తుంది. తక్కువైతే బయటి గాలి మూతని వాషరు మీదికి నొక్కేస్తుంది. మధ్యాహ్నం ఎండలో డీజిలు పట్టించుకుని, గట్టిగా బిగించి, రాత్రి పాకలో పెట్టిన డబ్బాని తెల్లారి చూడండి, పక్కలు దొప్పల్లా లోపలికి పోయి ఉంటాయి. ఆ మూత ససేమిరా అంటుంది. దానికి తడిగోనె పనికిరాదు, ఎండలో కాసేపు పెడితే చాలు. ఉబ్బినదానికి నీడ, లొట్టపోయినదానికి ఎండ. ఇంతకంటే నా దగ్గర పెద్ద శాస్త్రం లేదు.

గాలి తర్వాతి శత్రువు మురికి. రెండు స్ట్రోకుల స్ప్రేయర్లకి పెట్రోల్లో ఆయిలు కలిపి పోస్తాం కదా, పోసేటప్పుడు అంచు మీదుగా నాలుగు చుక్కలు జారతాయి. పెట్రోలు ఎగిరిపోతుంది, ఆయిలు మరల్లో ఉండిపోతుంది. దానికి చేలగట్టు దుమ్ము అంటుకుని ఎండితే రంగులవాళ్ళు కిటికీలకి పూసే లప్పంలా తయారవుతుంది. పాత పళ్ళు తోముకునే బ్రష్షుతో వారానికోసారి మరలు రుద్దితే పోయేది, ఎవరూ రుద్దరు.

ఇంకోటి వాషరు. ఒరిజినల్ వాషరు పోగానే మనవాళ్ళు సైకిల్ ట్యూబు ముక్క గుండ్రంగా కత్తిరించి వేసేస్తారు. నీళ్ళ డబ్బాకైతే బంగారంలా ఉంటుంది. పెట్రోలు డబ్బాకి వేశారా, ఆ రబ్బరు పెట్రోలు తాగి ఉబ్బి, మెత్తబడి, మూతకీ మెడకీ మధ్య ఇరుక్కుపోతుంది. మూత తీశాక చూస్తే నల్లటి జీడిలా సాగుతూ వస్తుంది.

ఇక బిగింపు. లీకవుతుందేమో అన్న భయంతో ఒకరు బిగిస్తారు, నేను బిగించకపోతే మళ్ళీ నన్నంటారని ఇంకొకరు దాని మీద ఇంకాస్త బిగిస్తారు. విప్పేటప్పుడు మాత్రం ఆ ఇద్దరూ ఉండరు. విప్పబోయి సగం మంది కుడికే తిప్పుతారని చెబితే నవ్వుతారు గానీ, డబ్బాని చంకలో వాల్చి పట్టుకుని, మూతని ఒంటికేసి పెట్టుకుని తిప్పండి, ఎటు ఎడమో మీకే తెలియదు. అందుకే నా దగ్గరికొచ్చిన డబ్బాని ముందు నేల మీద నిలబెట్టి, పై నుంచి చూస్తూ తిప్పుతాను.

మూతలో గాలి సంగతి తెలియక ఇంజనుకే వైద్యం చేయించిన వాళ్ళున్నారు. వంశీ కథలతో పేరుకెక్కిన పసలపూడి మా మండలంలోదే. అక్కడి రైతు ఒకాయన వీపుకి తగిలించుకునే పవర్ స్ప్రేయరు తెచ్చాడు. పది నిమిషాలు నడుస్తుంది, ఆగిపోతుంది. కాసేపు వదిలేస్తే మళ్ళీ పది నిమిషాలు. అప్పటికే రెండు చోట్ల చూపించాడట. ఒకచోట ప్లగ్గు మార్చారు, ఇంకోచోట కార్బొరేటరు విప్పి కడిగారు. నేను స్టార్టు చేసి, వాచీ చూసుకుంటూ కూర్చున్నాను. తొమ్మిదో నిమిషంలో దగ్గడం మొదలెట్టింది. ట్యాంకు మూత అర తిప్పు వదులు చేశాను. లోపలికి గాలి పీల్చిన చప్పుడు, ఇంజను మళ్ళీ గుక్క తిప్పుకోకుండా అందుకుంది.

పెట్రోలు కిందికి దిగాలంటే దిగినంత మేర పైనుంచి గాలి రావాలి. దానికోసం ట్యాంకు మూతకి గుండుసూది మొనంత బెజ్జం పెడతారు. ఈయన మూత మీద ఎండిన బురద ఆ బెజ్జాన్ని కప్పేసింది. సూదితో పొడిచి, ఉఫ్ఫని ఊది ఇచ్చాను. ఆయన సంతోషించాలా? ఊహూ. "ఇంతేనా? మరి ఆళ్ళు కార్బొరేటరు అన్నారే?" అని కాసేపు నా మీదే అనుమానపడ్డాడు. పని మరీ తేలికగా అయిపోతే మనవాళ్ళకి నమ్మకం కుదరదు. మర్నాడు అరటిగెల పంపించాడులెండి.

డబ్బాల దగ్గర అసలైన చదువు నాకు 1996 నవంబరులో అయింది. ఆరో తారీఖు రాత్రి తుపాను కోనసీమని ఊడ్చేసింది. వెయ్యి మందికి పైగా పోయారు. మేం గోదావరికి ఇవతలి వాళ్ళం. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు రాయవరాన్ని కోనసీమలో కలిపారు గానీ, అప్పట్లో కోనసీమ అంటే మాకు అవతలి గట్టు. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు, రామచంద్రపురంలో ఓ మేస్త్రి దగ్గర పనిచేస్తున్నాను. స్తంభాలు పడిపోయి అవతల ఎక్కడా కరెంటు లేదు, మంచినీళ్ళ ట్యాంకులు ఎక్కించే దిక్కు లేదు, ఆయిలింజను పట్టుకుని రమ్మని కబురొస్తే మేస్త్రీ నేనూ బయల్దేరాం. ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి రేవు, అక్కడ పంటు మీద ముక్తేశ్వరం. పంటు దిగాక రోడ్డు లేదు. కొబ్బరిచెట్లు రోడ్డుకి అడ్డంగా, ఒకదాని మీద ఒకటి, ఎవరో అగ్గిపుల్లలు విసిరేసినట్టు పడున్నాయి.

అమలాపురం వైపు ఓ ఊళ్ళో బోరుకి ఇంజను బిగించాం. డీజిలు డ్రమ్ము వాళ్ళ దగ్గరే ఉంది, రెండువందల లీటర్లది, వానలో వారం నానింది. డ్రమ్ము నెత్తి మీద రెండు బిరడాలుంటాయి, రెండంగుళాలది ఒకటి, ముప్పావు అంగుళంది ఒకటి. రెండూ తుప్పుతో ఎర్రగా కూర్చున్నాయి. వాటి తాళం మా దగ్గర లేదు. చుట్టూ ఊరంతా బిందెలు పట్టుకుని నిలబడింది. చిన్నపిల్లలు కూడా అరవడం లేదు, అది నాకు బాగా గుర్తు. ఒకాయన గునపం తెచ్చాడు. డ్రమ్ముకి పొడుద్దామని. ఆ పరిస్థితిలో నేనైతే పొడిచేసేవాణ్ణి.

మేస్త్రి గునపం పుచ్చుకుని పక్కన పారేశాడు. "పొడిత్తే ఇయ్యాళ నీళ్ళొత్తాయి. రేపు మిగిలిన డీజిల్లో వాన పడుద్ది, ఇంజను పోద్ది" అన్నాడు. కిరసనాయిలు అడిగి రెండు బిరడాల చుట్టూ పోశాడు. పడిపోయిన కొబ్బరిచెట్టు మట్ట ఒకటి నరికించి, దాని మొదలుతో బిరడా చుట్టూ అంచు మీద టకటకా కొడుతూ కూర్చున్నాడు. గట్టిగా కాదు, తలుపు తట్టినట్టు. కొడతాడు, ఆగుతాడు, మళ్ళీ కిరసనాయిలు పోస్తాడు. ఆ తట్టడంలో తుప్పు పగిలి నూనె మరల్లోకి దిగుతుంది. బిందెలవాళ్ళు మమ్మల్ని తిట్టుకునే ఉంటారు. ఇరవై నిమిషాలు అలా గడిచాయి. తర్వాత పడిపోయిన స్తంభానికున్న ఇనప పట్టీ ముక్క ఒకటి ఊడదీసి, చిన్న బిరడా గాడిలో నిలబెట్టి, దానికి అడ్డంగా పైపు రెంచి వేసి తిప్పాడు. చిన్నదే ముందు. గాలి ఉస్సుమంది. అప్పుడు పెద్దదానికి వెళ్ళాడు. అది ఎంత సులువుగా వచ్చిందంటే, నేను దాని కోసం కాళ్ళు బిగించుకుని నిలబడినందుకు సిగ్గేసింది. మేస్త్రికి పెట్రోమాక్స్ గురించి మా నాన్న చెప్పి ఉండడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోనే లేదు.

తిరిగొచ్చాక నేను చేసుకున్న మొదటి పనిముట్టు డ్రమ్ము తాళమే. లారీ కమాను పట్టీ కోసి, ఒక చివర పెద్ద బిరడాకి, రెండో చివర చిన్నదానికి సరిపడా చెవులు తీశాను. పదేళ్ళు వాడాను. తర్వాత దాన్ని మానేసి ఇత్తడిది పోత పోయించుకున్నాను. అజ్జరం ఇత్తడి సామాను మా రెండు గోదావరి జిల్లాల్లో తెలియని ఇల్లు ఉండదు కదా, బిందెలూ గంగాళాలూ పోసే ఆ ఊళ్ళోనే పోయించాను. నా చెక్క నమూనా చూసి అక్కడి పనివాడు ఇదేం దేవుడి సామానండీ అన్నాడు. ఇత్తడి ఎందుకంటే, ఇనుము ఇనుముకి తగిలితే నిప్పురవ్వ రాలుతుంది, ఇత్తడికి ఆ భయం లేదు. డీజిలు దగ్గర ఇది కాస్త అతి జాగ్రత్తే కావచ్చు. పెట్రోలు దగ్గర కాదు. పెట్రోలియం చట్టం పెట్రోల్ని ఎ తరగతిలో, డీజిల్ని బి తరగతిలో పెట్టింది. 23 డిగ్రీల లోపు వేడికే అంటుకునే ఆవిరి ఇచ్చేవి ఎ తరగతివి. మన పెట్రోలుకి ఆ 23 కూడా అక్కర్లేదు, సున్నాకి ఎంతో కిందనే ఆవిరి లేస్తుంది. ఆ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేల మీద పాములా పాకుతుంది. అమ్మకానికి కాకుండా సొంతానికి ముప్పై లీటర్ల దాకా లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చని చట్టం ఒప్పుకుంటుంది గానీ, ఆ ముప్పై లీటర్లు పొయ్యి పక్కన ఉంటే చట్టం ఏం చేస్తుంది?

2025 అక్టోబరు 8న మా మండలంలోనే బాణసంచా తయారయ్యే చోట పేలుడు జరిగి మనుషులు పోయారు. దాని సంగతి నేను చెప్పదగ్గవాణ్ణి కాను. ఆ వారమంతా మాత్రం నా షెడ్డుకొచ్చిన వాళ్ళెవరూ బీడీ వెలిగించలేదు. చెప్పక్కర్లేకపోయింది.

ఇత్తడి తాళం డ్రమ్ములకి. చేతిడబ్బాలకి నా దగ్గరున్నది బెల్టుకర్ర. మండపేట రైసుమిల్లులో తీసిపారేసిన బెల్టు ముక్క, అంగుళంపావు వెడల్పు, రెండడుగుల పొడవు. నల్లతుమ్మ కర్ర ఒకటి, అడుగు పైచిలుకు. కర్ర చివర ఉలితో నిలువుగా సందు తీసి, బెల్టు ఒక కొస కర్రకి బోల్టు వేసి బిగించి, రెండో కొసని మూత చుట్టూ తిప్పి ఆ సందులోంచి ఇవతలికి లాగి, కర్రతో పాటే పిడికిట్లో పట్టుకోవాలి. తిప్పేకొద్దీ బెల్టు తనంతట తనే బిగుసుకుంటుంది. మూత చుట్టూ అంతటా సమంగా పడుతుంది గనక నలగదు. పట్టకారుతో అయితే రెండు వైపులా నొక్కుతాం, గుండ్రటి మూత కోడిగుడ్డులా సాగుతుంది, సాగిన చోట మరలు ఇంకా కరుచుకుంటాయి. అంటే పట్టకారుతో ఎంత గట్టిగా పడితే మూత అంత గట్టిగా బిగుసుకుంటుంది. మాచవరం కుర్రాడు పొద్దున్నుంచీ చేసింది అదే.

కర్ర పొడవులో ఓ ప్రమాదం ఉంది. మూత అడ్డకొలత రెండున్నర అంగుళాలు అనుకోండి, వేళ్ళకి దొరికేది నడిమధ్య నుంచి అంగుళంపావు. అడుగు కర్ర చివర పట్టుకుంటే అదే బలం ఇంచుమించు పదింతలవుతుంది. పదింతల బలానికి మూత రావచ్చు, మెడ విరిగి రావచ్చు. అందుకే బెల్టుకర్రని రెండు చేతులతో పట్టుకోను. ఒక చెయ్యి డబ్బా మీద, ఒక చెయ్యి కర్ర మీద. ఒంటిచేతికి రాకపోతే బలం పెంచను, కారణం వెతుకుతాను. మా అబ్బాయి ఒకసారి ఫోన్లో చూసి ప్లాస్టిక్‌తో చేసిన మూత రెంచి ఒకటి తెప్పించాడు. అందంగా ఉంది, చేతికి మెత్తగా ఉంది. రెండో డబ్బాకి దాని పళ్ళు రాలిపోయాయి. గోడకి తగిలించాను, పిల్లలొచ్చినప్పుడు ఆడుకుంటారు.

పళ్ళంటే గుర్తొచ్చింది. పురుగుమందు సీసా మూతల్ని పళ్ళతో కొరికి తీసేవాళ్ళని ఇప్పటికీ చూస్తున్నాను. వాళ్ళకి చెప్పే ఓపిక నాకు పోయింది, తిడతాను.

వేడినీళ్ళ చిట్కా గురించి కూడా ఒక మాట. ఊరగాయ సీసా మూత రాకపోతే వేడినీళ్ళు పొయ్యమంటారు ఆడవాళ్ళు, అది గాజు సీసాకి రేకు మూత కాబట్టి సరిపోతుంది. ప్లాస్టిక్ వేడికి ఇనుము కంటే పదింతలకి పైగా వ్యాకోచిస్తుంది. రేకు మెడకి ప్లాస్టిక్ మూత ఉంటే వేడిగుడ్డ చుట్టండి, మూత వదులవుతుంది. ప్లాస్టిక్ మెడకి రేకు మూత ఉంటే మాత్రం వేడి పెడితే లోపలి మెడే లావెక్కి ఇంకా బిగుస్తుంది, దానికి ఐసుముక్క రాయాలి. ఇదంతా నీళ్ళ డబ్బాల సంగతి. పెట్రోలు డబ్బా దగ్గరికి వేడి అన్న మాటే తేకూడదు.

డబ్బా అంటే ఇలా ఉండాలి అని నేను అనుకున్నది ఒక్కదాన్నే. పశ్చిమగోదావరిలో మిలటరీ మాధవరం అని ఊరుంది, ఇంటికొకరు పట్టాళంలో ఉంటారని ఆ పేరు. అక్కడ మా బావ వరసాయన ఆర్మీలో డ్రైవరు చేసి వచ్చాడు. ఆయనింట్లో ఇరవై లీటర్ల జెర్రీక్యాను చూశాను. మూతకి మరలే లేవు. కీలు మీద వాలే మూత, దాని మీద మీట. మీట ఎత్తితే వాషరు ఒక్కసారే లేస్తుంది, తిప్పేది లేదు, బిగించేది లేదు. మెడలోపల సన్నటి గొట్టం ఒకటి ఉంది, పోసేటప్పుడు గాలి దాంట్లోంచి వెనక్కి పోతుంది, అందుకని గుడగుడమని ఒలక్కుండా ధార కడుతుంది. పైన మూడు పట్టీలు. ఒక్కడు మోస్తే నడిమిది, ఇద్దరు మోస్తే పక్కవి, ఖాళీవైతే ఒక్కో చేత్తో రెండేసి.

1937లో జర్మన్ సైన్యం కోసం గ్రూన్‌ఫోగెల్ అనే ఇంజనీరు చేసిన పని అది. ఆంగ్లేయ సిపాయిలు జర్మన్లని జెర్రీలనేవారు గనక శత్రువు డబ్బాకి శత్రువు పేరే పెట్టారు. వాళ్ళ సొంత డబ్బాలు పల్చటి రేకువి, ఎడారిలో కారిపోయేవి. చివరికి జర్మన్ల దాన్నే కాపీ కొట్టారు. అమెరికా వాళ్ళు తొలుత చేసిన కాపీలో ఆ మీట మూత తీసేసి మర మూత పెట్టారట, దాన్ని విప్పడానికి రెంచి, పొయ్యడానికి గరాటు వెంట ఉండాల్సి వచ్చింది. ఇది విన్నప్పుడు నాకు నవ్వాగలేదు. అంత పెద్ద దేశమూ మా మాచవరం కుర్రాడి లాగే రెంచి వెతుక్కుంది.

"ఇలాంటివి మన బజార్లో ఎందుకు దొరకవు బావా?" అంటే, "దొరుకుతాయి. ధర చెబితే నువ్వే కొనవు" అన్నాడు. నిజమే, కొనలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో పెట్రోలు డబ్బాల కంటే నీళ్ళ క్యాన్లు ఎక్కువ. చిన్నప్పుడు కాలవ నీళ్ళు చిల్లగింజ అరగదీసి తేర్చుకుని తాగినవాళ్ళం. ఇప్పుడు ప్రతి ఊళ్ళో వాటర్ ప్లాంటు, ఆటోలో ఇంటింటికీ ఇరవై లీటర్ల క్యాన్లు. మా వీధి చివర ఒక మామ్మగారున్నారు, పిల్లలు హైదరాబాదులో, ఒకరు అమెరికాలో. పోయిన వేసవిలో నన్ను పిలిపించారు. కింద కొళాయి, పైన వెడల్పాటి మర మూత ఉండే కూల్ క్యాను. కొళాయి తిప్పితే నీళ్ళు రావట్లేదట, మూత తీసి చూద్దామంటే అదీ రావట్లేదట. ఆవిడ వేళ్ళ కణుపులు వంకర్లు పోయున్నాయి. మూత అంచున కత్తిపీట మొనతో పొడిచిన గాట్లు కనిపించాయి.

"ఎవరు పొడిచారండీ ఇది?"

"నేనే పొడిచాను. దాహమేస్తే ఏం చేస్తారు మరి?"

బెల్టుకర్ర తీసుకెళ్ళాను గానీ సంచిలోంచి తియ్యలేదు. క్యానులో సగానికి నీళ్ళున్నాయి. దాన్ని గోడకేసి వెనక్కి వాల్చాను, కొళాయి నీటిమట్టం కంటే పైకి వచ్చేదాకా. అప్పుడు కొళాయి తిప్పితే నీళ్ళకి బదులు గాలి లోపలికి పోతూ సన్నగా ఈల వేసింది. నిలబెట్టి, మూతని రెండు వేళ్ళతో తిప్పాను, వచ్చేసింది. మూత గట్టిగా బిగించి ఉంటే, నీళ్ళు కిందికి దిగేకొద్దీ పైన ఖాళీ అయిన చోటికి గాలి రాదు. లెక్కేసి చూస్తే నాలుగంగుళాల మూత మీద అది కిలో, కిలోన్నర బరువు కూర్చున్నట్టు. మనకి అది బరువే కాదు. ఆ వేళ్ళకి అది కొండ.

"క్యాన్ల కుర్రాణ్ణి మూత వదులుగా పెట్టమనండి మామ్మగారూ" అన్నాను.

"చెప్పాన్రా అబ్బాయ్. వదులుగా పెడితే చీమలు పడుతున్నాయని మళ్ళీ బిగించేత్తన్నాడు."

బెల్టుకర్ర ఒకటి చేసిస్తానన్నాను. చిన్నది, పిడి లావుగా, వేళ్ళు పూర్తిగా మడవక్కర్లేకుండా. తుమ్మకర్ర చెక్కి, గరుకు కాగితం రాసి, పది రోజుల తర్వాత పట్టుకెళ్ళాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బాగుందిరా అని పక్కన పెట్టి, నన్ను క్యాను దగ్గరికి తీసుకెళ్ళారు. మూత నడిమధ్య బియ్యపుగింజంత బెజ్జం. అందులో ఏదో నల్లగా దిగబడి ఉంది.

"మేకు కాల్చి పొడిపించాను పాలబ్బాయి చేత. ఇంక మూత తీసే పనే లేదు. నీళ్ళు పట్టుకునేటప్పుడు ఇది తీత్తాను, అయ్యాక పెట్టేత్తాను."

"చీమలో?"

"లవంగం రా అది. చీమలు దాని ఛాయలకి రావు."

తీసి చూపించారు. లవంగం తల బెజ్జానికి బిరడాలా సరిగ్గా కూర్చుంది. కొళాయి తిప్పితే నీళ్ళు ధార కట్టాయి. గ్లాసు నాకే ఇచ్చారు. కాస్త లవంగం వాసన వేసింది.